టానర్ వాడలో చావని పిల్లలు

బ్రాక్‌షా ఊళ్లో ఎవరు పోయినా వాళ్ల తాలూకు మనుషులు ఆంబ్రోస్ పెచ్ ఇంటి ముందుగదికి రావలసిందే. ఆయన చావుల రిజిస్ట్రారు. పోయినవాళ్ల పేరు, వయసు, చేసే పని, పోయిన కారణం అన్నీ గుండ్రటి దస్తూరీతో పెద్ద పుస్తకంలో ఎక్కిస్తాడు. ఏ పనీ లేకుండా బతికినవాడు పోతే ‘పెద్దమనిషి’ అని రాయడం రివాజు. ఆ లెక్కన సారా కొట్టు అరుగు మీంచి ఇరవయ్యేళ్లు దిగని కుంటి మోసెస్ కూడా పోయిన మర్నాడు పెద్దమనుషుల వరసలో చేరిపోయాడు. దాని మీద ఊరంతా నవ్వుకున్నారు. ఆంబ్రోస్ మాత్రం నవ్వలేదు. మనిషి ఏ వరసలో ఉన్నాడన్నది ఆయన దృష్టిలో నవ్వులాట కాదు.

ఎందుకు కాదో చెప్పాలి. ఆంబ్రోస్ పుట్టింది తోళ్లు పదునుచేసే టానర్ వాడలో. పచ్చితోళ్ల కంపు, నలభై ఇళ్లకి కలిపి రెండు మరుగుదొడ్లు, వాటి గుంతకి ఆరడుగుల దూరంలో తాగే నీళ్ల పంపు. వాళ్లమ్మకి తొమ్మిదిమంది పుడితే మిగిలింది ఇద్దరు, అక్క కెజయా, తను. తొమ్మిదో ఏట ఒక పాదిరిగారు చదువు చెప్పిస్తానని పక్క ఊరికి తీసుకెళ్లాడు. ముప్ఫయ్యో ఏట నల్లకోటు వేసుకుని తిరిగొచ్చాడు, రిజిస్ట్రారుగా. పచారీ వర్తకుడి కూతురు లెటీషియాని పెళ్లాడాడు. మీవాళ్లంతా ఎక్కడున్నారని ఆవిడ అడిగినప్పుడు, “విషజ్వరాల్లో పోయారు, అందరూ” అన్నాడు. చావులు రాసుకోవడమే వృత్తి అయిన మనిషి, బతికున్న అక్కని నోటిమాటతో చంపేశాడన్నమాట.

ఆ అక్క అరమైలు దూరంలో ఊరివాళ్ల బట్టలు ఉతుకుతూ ఉండేది. తమ్ముడి సంగతి ఊళ్లో ఎవరితోనూ అనవద్దని వాడ మొత్తానికి ఆవిడే చెప్పుకుంది. వాడ కూడా ఆ మాట నిలబెట్టుకుంది.

ముందుగదిలో లెటీషియా కొత్త తివాచీ పరిచాక ఇంకో ఏర్పాటు జరిగింది. వాడవాళ్లు వీధి తలుపున రాకూడదు. మంగళవారం మధ్యాహ్నం, వెనక తలుపు దగ్గర, అదీ ఒక్క గంట. మంగళవారం మధ్యాహ్నం మిల్లు మానుకుని వచ్చి వానలో నిలబడేవాళ్లు ఎంతమంది ఉంటారు? చావు జరిగిందని తెలిస్తే రిజిస్ట్రారు తనే వెళ్లి రాసుకోవాలి, అదీ ఉద్యోగమే. ఆంబ్రోస్ అన్ని వీధులకీ వెళ్లేవాడు, టానర్ వాడకి తప్ప. ఆ సందు మొదట్లో అడుగు పెడితే ఏ ముసలమ్మో “ఒరే ఆంబ్రోసూ” అని గొంతెత్తి పిలుస్తుందని భయం. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

కెజయా ఒక్కసారి వచ్చింది, ఆరేళ్ల కిందట. తలమీద తడిసిన శాలువా, కళ్లు వాచి ఉన్నాయి. ఆంబ్రోస్ వెనక తలుపు సగమే తీశాడు. లోపల పనిమనిషి గిన్నెలు తోముతోంది.

“పిల్లాడు పోయాడురా,” అంది కెజయా.

“నేనే వాడకొచ్చి రాసుకుంటాను. ఇక్కడ నిలబడకు, వెళ్లు,” అన్నాడు గొంతు తగ్గించి.

“సరేరా” అనబోయి, పనిమనిషి ఇటు చూడటం గమనించి, “సరేనండి,” అంది. వెళ్లిపోయింది. ఆంబ్రోస్ వెళ్లలేదు. ఆ వారం కాదు, ఆ నెల కాదు, అసలెప్పుడూ వెళ్లలేదు. ఆ ‘అండి’ మాత్రం చాలా రోజులు చెవిలో ఉండిపోయింది.

అలా నడుస్తుండగా లండన్ నించి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. కొత్త చట్టం ప్రకారం ఏ ఊళ్లోనైనా ఏడేళ్ల సగటు మీద ఏటా వెయ్యికి ఇరవై ముగ్గురికి మించి చస్తుంటే, పన్ను కట్టేవాళ్లకి ఇష్టమున్నా లేకపోయినా ఆ ఊరికి మురుగు కాలవలూ మంచినీళ్ల గొట్టాలూ వేయించవచ్చు. పన్ను కట్టేవాళ్లకి ఇష్టం లేదని వేరే చెప్పాలా? వాళ్ల తరఫున లాయరు క్రాబ్‌ట్రీ సిద్ధంగా ఉన్నాడు. కాలవలు కావాలనేవాడు ఊరు మొత్తానికి డాక్టర్ ఫెన్విక్ ఒక్కడే. ఏడేళ్ల చావుల్ని వయసువారీగా, అంతస్తువారీగా విడగొట్టి పట్టిక తయారుచేసి పెట్టమని ఆయన ఆంబ్రోస్‌ని అడిగాడు. ఆంబ్రోస్ నెల్లాళ్లు కూర్చుని తయారుచేశాడు. తన చేతిరాత లండన్‌దాకా వెళుతుందంటే ఆయనకి కాస్త పొంగుగానే ఉంది.

విచారణకి మూడు రోజుల ముందు డాక్టరు వచ్చి ఆ పట్టిక ముందేసుకుని కూర్చున్నాడు.

“పెద్దమనుషుల ఇళ్లల్లో సగటున నలభై నాలుగో ఏట పోతున్నారు. దుకాణదారుల ఇళ్లల్లో ఇరవై ఏడో ఏట. నేతవాళ్ల, కూలివాళ్ల ఇళ్లల్లో పంతొమ్మిదో ఏట! పంతొమ్మిదంటే ఏమిటయ్యా? సగంమంది పాలు మరవకముందే పోతున్నారన్నమాట,” అన్నాడు డాక్టరు. “అంతా కలిపి వెయ్యికెంత?”

“ఇరవై రెండున్నర దాటిందండి. ఇరవై మూడు లేదు.”

“ఇరవై మూడు గీత దాటడానికి ఎన్ని తగ్గాయి?”

“ఏడేళ్లకీ కలిపి ఇరవై ఏడు చావులు తగ్గాయండి.”

“ఛ! ఒక్క ఇరవై ఏడు...” అని డాక్టరు బల్ల గుద్దాడు. మరుక్షణమే తలపట్టుకున్నాడు. “ఏం మాట్లాడుతున్నాను నేను? చావులు చాలలేదని ఏడుస్తున్నానా? దేవుడా.” కాసేపటికి మళ్లీ పట్టిక మీదికి వంగాడు. “ఇదేమిటి? చర్చి వీధిలో ఏడాది నిండని పిల్లలు తొమ్మిదిమంది పోతే, టానర్ వాడలో ముగ్గురేనా? ఆ నీళ్లు తాగి?”

ఆంబ్రోస్ పుస్తకం మూసేశాడు. “వాళ్లు గట్టి మనుషులండి,” అన్నాడు.

డాక్టరు ఆయన్ని వింతగా చూసి టోపీ పెట్టుకున్నాడు.

మర్నాడు ఆంబ్రోస్ కాళ్లు వాటంతట అవే శ్మశానం వైపు నడిచాయి. కాటికాపరి జేబెజ్ గుంతలో నిలబడి రొట్టె తింటున్నాడు. వాడ పిల్లల సంగతి అడిగాడు ఆంబ్రోస్.

“చావకపోవడమేంటి దొరా, శుభ్రంగా చస్తారు!” అన్నాడు జేబెజ్ నమలడం ఆపకుండా. “వేరే గుంత ఎక్కడ తవ్విస్తారు పాపం? ఏ ముసలమ్మ శవప్పెట్టె వస్తుందా అని చూసి, ఆ కాళ్ల దగ్గర పెట్టేస్తారు. ముసలమ్మకీ తోడు. ఊపిరి పోసుకోకుండా పుట్టిందని మంత్రసాని ఓ మాట చెబితే మీ పుస్తకంతో పనే ఉండదు కదా.”

“అందరూ అలా పుట్టినవాళ్లేనా?”

“నన్నడుగుతారేం? ఓసారి అలాగే తెచ్చారు. గుడ్డ తొలిగింది. పిల్లాడికి నాలుగు పళ్లొచ్చి ఉన్నాయి. పళ్లతో పుట్టాడు కాబోలనుకున్నా.” జేబెజ్ చేతులు దులుపుకున్నాడు. “ఏం చేస్తారు మరి? మీ ఇంటికొచ్చి నిలబడ్డారంట. మీ వెనక తలుపు తియ్యలేదంట. ఓసారి చూశారు, రెండుసార్లు చూశారు, మానేశారు. మిమ్మల్ని నేనేమీ అనట్లేదు దొరా. తివాచీలు పాడవుతాయిగా.”

ఆంబ్రోస్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ ఇరవై ఏడుమంది ఎక్కడున్నారో ఇప్పుడు తెలిసింది. అక్కడే, తన బూట్ల కిందే ఉన్నారు. వాళ్లని తను రాసి ఉంటే కాలవ వచ్చేది. రాయలేదు కాబట్టి ఆ పంపు నీళ్లే తాగి ఇంకా పోతారు. అక్కకి ఇంకో పిల్ల ఉందని ఎవరో చెప్పగా విన్నాడు. అదీ ఆ నీళ్లే తాగుతుంది.

చెప్పెయ్యాలి అనుకున్నాడు. చెబితే ఉద్యోగం పోతుంది, అది సరే. ఎందుకు వెళ్లలేదని అడుగుతారు. దానికి జవాబు లెటీషియా ముందు, మామగారి ముందు, ఊరి ముందు చెప్పుకోవాలి. మిగిలిన రెండు రోజులూ చెప్పెయ్యాలనే అనుకున్నాడు. డాక్టరు ఇంటి గుమ్మందాకా రెండుసార్లు వెళ్లి, గంట కొట్టకుండా తిరిగొచ్చాడు.

విచారణ నాడు టౌన్‌హాలు కిక్కిరిసింది. ముందు వరసలో పన్ను కట్టేవాళ్లు, వాళ్ల భార్యలు. వెనక గోడవారగా మిల్లువాళ్లు, శాలువాల్లో ఆడవాళ్లు. డాక్టరు పట్టిక చదివాడు. తర్వాత క్రాబ్‌ట్రీ లేచాడు.

“అయ్యా ఇన్‌స్పెక్టరుగారూ, రిజిస్ట్రారుగారి లెక్క చూడండి. ఊళ్లో పసిపిల్లలకి అన్నిటికంటే ఆరోగ్యకరమైన చోటు ఏది? టానర్ వాడ! ఏడేళ్లలో ముగ్గురే! అయితే మనం చెయ్యాల్సింది కాలవలు తవ్వడం కాదు. మన ఆడవాళ్లని పురుళ్లకి టానర్ వాడకి పంపడం!”

ముందు వరసలన్నీ విరగబడి నవ్వాయి. లెటీషియా కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చున్న ఆంబ్రోస్ తల వంచుకుని తన చేతిరాతనే చూస్తూ ఉండిపోయాడు.

వెనకనించి ఒక గొంతు లేచింది. “ముగ్గురు కాదు దొరా.”

కెజయా. చంకలో నాలుగేళ్ల పిల్ల. సబ్బునీళ్లలో నానిపోయి తెల్లబడ్డ చేతులు.

“నాకే నలుగురు పోయారు,” అంది. “నా ఒక్కదానికే. ఇదొక్కతే మిగిలింది.”

హాలు చల్లబడింది. ఇన్‌స్పెక్టరు కళ్లద్దాలు సర్దుకున్నాడు. ఆయనకి యాభై దాటి ఉంటాయి, ఓపికున్న మనిషిలా కనిపించాడు. “పుస్తకంలో లేరేమ్మా? రిజిస్ట్రారుకి చెప్పలేదా? ఆయన మీ వాడకి రాలేదా?”

కెజయా ఆంబ్రోస్ వైపు చూసింది. ఆంబ్రోస్ తలెత్తాడు. ఊరికి తిరిగొచ్చిన ఈ పదేళ్లలో అక్క మొహం వెలుగులో నేరుగా చూడటం అదే. అచ్చం అమ్మ మొహం.

“వచ్చారు దొరా,” అంది కెజయా. “ఆయన వచ్చారు. నేనే చెప్పలేదు. నాదే తప్పు.”

“విన్నారుగా!” అన్నాడు క్రాబ్‌ట్రీ. “చట్టం ప్రకారం చెప్పాల్సింది చెప్పకుండా దాచి, ఇవాళ కాలవ కావాల్సొచ్చేసరికి నలుగుర్ని చంపుకొచ్చింది. రేపు నలభైమంది అంటుంది.”

 కెజయా చంకలో పిల్లని ఇంకాస్త పైకి ఎత్తుకుంది. కూర్చోబోయింది.

అప్పుడు లేచాడు ఆంబ్రోస్. ధైర్యం వచ్చి కాదు. కూర్చుని ఉండటం ఇక చేతకాక లేచాడు.

“ఆవిడ అబద్ధం చెబుతోందండి. నేను వెళ్లలేదు. ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆవిడే మా ఇంటికొచ్చింది, నేను తలుపు దగ్గరనించే పంపేశాను.” కెజయా వైపు చెయ్యి చూపించాడు. “నన్ను కాపాడాలని అంటోంది. ఆవిడ మా అక్క. నేను టానర్ వాడలో పుట్టాను. అది బయటపడుతుందని సిగ్గేసి అటువైపు వెళ్లలేదు. అంతేనండి. ఇంకేం కారణం లేదు.”

ముందు వరసలో కుర్చీ చప్పుడైంది. లెటీషియా లేచి, ఎవరినీ చూడకుండా, పట్టు గౌను గరగరలాడుతుంటే తలుపుదాకా నడిచి వెళ్లిపోయింది. మామగారు కూడా వెళ్లాడు. ఆంబ్రోస్ చెవులు కాలిపోతున్నాయి.

ఇన్‌స్పెక్టరు పక్కనున్న గుమాస్తాకి ఒక తెల్లకాగితం ఇచ్చాడు. “పుస్తకంలో లేని చావుకి సాక్షి ఉంటే నేను కాగితం మీద రాసి లెక్కలో చేరుస్తాను,” అన్నాడు. “ఎవరైనా ఉన్నారా?”

ఉన్నారు. ఒకామె వచ్చింది. ఆమె వెనక ఇంకొకామె. “మేరీ ఆన్, ఐదు వారాలు.” “పేరు పెట్టలేదు దొరా, మూడు రోజులే కదా.” “జోనస్, ఏడు నెలలు, విరేచనాలు.” ఒకరు చెబితే పక్కామె అవునని తలూపింది. ఇన్‌స్పెక్టరు గుమాస్తా రాస్తూ పోయాడు. క్రాబ్‌ట్రీ నిలబడి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. లెక్క ఇరవై మూడు పేర్ల దగ్గర ఆగింది. ఇంకెవరూ రాలేదు.

“కెజయా డౌడ్,” అని గుమాస్తా కనుక్కుని చెప్పిన అత్తింటి పేరుతో పిలిచాడు ఇన్‌స్పెక్టరు.

ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి, తమ్ముడి వైపు చూడకుండా చెప్పింది. “ఆంబ్రోస్. డోర్కస్. ఆంబ్రోస్. సైలస్.”

“ఆగండాగండి!” అన్నాడు క్రాబ్‌ట్రీ. “ఒకే పిల్లాణ్ణి రెండుసార్లు చెబుతోంది. ఒకటి కొట్టెయ్యండి. ఇరవై ఆరు.”

గుమాస్తా కలం ఆగింది. ఇరవై ఆరైతే గీత దాటదు. అది హాల్లో అందరికీ తెలుసు.

“ఇద్దరు దొరా,” అంది కెజయా. “మొదటివాడు పోతే ఆ పేరే మళ్లీ పుట్టినవాడికి పెట్టాను.”

“ఇందాక ఈమె అబద్ధం చెప్పిందని తమ్ముడే అన్నాడు,” అన్నాడు క్రాబ్‌ట్రీ. “ఇప్పుడు మాత్రం నిజమని ఎలా నమ్మడం?”

ఇన్‌స్పెక్టరు ఆంబ్రోస్ వైపు తిరిగాడు. “మీరు మేనమామ. చెప్పండి. ఆ పేరుగలవాళ్లు ఇద్దరా, ఒకరా?”

ఊరంతా ఆయన నోటివైపే చూస్తోంది. ఆంబ్రోస్ పెదవులు కదిలాయి. ఇద్దరని చెప్పెయ్యవచ్చు. కానీ తను చూడలేదు. ఎవరినీ చూడలేదు. ఊళ్లో కుంటి మోసెస్ పుట్టిన తేదీ కూడా తెలిసిన మనిషికి అక్క పిల్లల పేర్లు ఈ నిమిషందాకా తెలియవు. అక్క తన పేరు పెట్టుకుందనీ, ఆ పేరుని మట్టిలో పెట్టి మళ్లీ అదే పెట్టుకుందనీ తెలియదు.

“నాకు తెలియదండి,” అన్నాడు. ఉద్యోగం పోతుందన్నప్పుడు గానీ, భార్య లేచి వెళ్లినప్పుడు గానీ అంత సిగ్గు వెయ్యలేదు.

“నాకు తెలుసు!” అంది వెనకనించి ఒక ముసలామె. “ఇద్దరికీ నేనే స్నానం చేయించాను. మొదటివాడికి జుట్టు ఎరుపు, రెండోవాడికి నలుపు.”

“మొదటివాడు మా అమ్మ పెట్టెలో ఉన్నాడు,” అంది ఇంకొకామె.

“రెండోవాడు మా మావయ్య పెట్టెలో. నేనే గుడ్డ కప్పాను,” అన్నాడొక నేతగాడు. “వాడికి నాలుగు పళ్లు కూడా వచ్చాయి.”

వాడంతటికీ తెలుసు. తెలియనిది మేనమామ ఒక్కడికే.

“కొట్టెయ్యొద్దు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు గుమాస్తాతో. “ఇరవై ఏడు.” క్రాబ్‌ట్రీ ఇంకేదో అనబోతే చేత్తో వారించాడు. గీత దాటింది, కాలవ సంగతి అక్కడితో తేలిపోయింది. గోడవారనున్నవాళ్లెవరూ చప్పట్లు కొట్టలేదు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఏడ్చారు.

ఇన్‌స్పెక్టరు కాగితాన్ని ఆంబ్రోస్ ముందుకు జరిపాడు. “దీని కింద రిజిస్ట్రారు సంతకం కావాలి. ఇదే మీ ఆఖరి సంతకం అనుకుంటాను.” కఠినంగా అనలేదు. అనుంటే కాస్త బాగుండేదేమో.

ఆంబ్రోస్ పూర్తి పేరు రాశాడు. తలెత్తేసరికి కెజయా బల్లకి అవతల నిలబడి ఉంది. ఆవిడకి చదువు రాదు.

“ఏదిరా వాళ్ల పేరు? చూపించు,” అంది.

ఆంబ్రోస్ వేలు పెట్టి చూపించాడు. మొదటిది. తర్వాత రెండోది. కెజయా వంగి, తెల్లబడ్డ వేలి కొసతో ఆ రెండు పేర్లనీ మెల్లగా తడిమింది. రెండూ ఒకేలా ఉన్నాయని పోల్చుకుని తలూపింది. అలా కిందికి చూస్తూ చూస్తూ కాగితం చివర, ఇంకా ఆరని సిరా దగ్గర ఆగింది.

“ఇక్కడ కూడా అదే ఉందే! ఇది మావాళ్లలో ఎవడిదిరా?”

“మీవాళ్లది కాదక్కా,” అన్నాడు ఆంబ్రోస్. “అది నాది.”